పడుకునే ముందు రెండు నిమిషాలు

ఈ నెల నేను వ్రాయబోయే సంగతి చాలా చిన్నది. పళ్ళు తోముకోవడం గూర్చి కూడా పాస్టరుగారు వ్రాయాలా అని కొందరు నవ్వుకోవచ్చు. అయితే ఈ చిన్న సంగతిని నేను అలక్ష్యం చేసినందుకు నా కుమార్తె తొమ్మిదేళ్ళ వయసులోనే ఒక పన్ను పోగొట్టుకున్నది. అందుకే సిగ్గు విడిచి వ్రాస్తున్నాను.

అది ఒక శనివారం రాత్రి. మరునాటి ఆరాధనకు ప్రసంగం సిద్ధపరచుకుని పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక పాప ఏడుపుకు మెలకువ వచ్చింది. చెంప పట్టుకుని మంచం మీద అటూ ఇటూ దొర్లుతున్నది. నా భార్య లవంగం నలిపి పంటి మీద పెట్టింది. వేడినీళ్ళలో ఉప్పు వేసి పుక్కిలించమన్నది. కాసేపు తగ్గినట్టే తగ్గి మళ్ళీ పోటు మొదలయ్యేది. తెల్లవారేదాకా పిల్లను భుజాన వేసుకుని వసారాలో తిరిగాను. ఆదివారం ఆరాధన ఎలా ముగించానో నాకే తెలియదు. సోమవారం మొదటి బస్సుకే పట్నం వెళ్ళాం.

దంతవైద్యురాలు పాప నోరు తెరిపించి, చిన్న అద్దం పెట్టి చూసి, “ఈ పన్ను తీసివేయాలండీ. వేరు దాకా పుచ్చిపోయింది. పైభాగం సగం విరిగిపోయింది” అన్నారు.

“పాలపన్నే కదా డాక్టరుగారూ. ఊడితే మళ్ళీ వస్తుందిగా” అన్నాను నేను ధైర్యంగా.

ఆమె నా వైపు జాలిగా చూశారు. “ఇది పాలపన్ను కాదండీ. ఆరేళ్ళప్పుడు వచ్చిన దవడపన్ను. జీవితాంతం ఉండవలసినది. ఇది పోతే ఈ చోట మరొకటి రాదు.” కొంచెం ఆగి, “రాత్రి పడుకునే ముందు పళ్ళు తోముకుంటుందా?” అని అడిగారు.

నేను జవాబు వెదుక్కుంటూ ఉండగా పాపే చెప్పింది: “లేదండీ. మా నాన్నగారు కూడా తోముకోరు.”

పిల్ల అబద్ధమాడలేదు. పిల్లల పెంపకం గూర్చి ఎన్నో కుటుంబ కూటాలలో గంటల తరబడి బోధించినవాడను. ఆ ఒక్క మాటకు తల వంచుకున్నాను.

ఎవరికీ తెలియకుండా వచ్చే పన్ను

తల్లిదండ్రులారా, ఆ రోజు డాక్టరుగారు చెప్పినది మీరందరూ తెలుసుకోవాలి. ఎందుకనగా నేను చేసిన పొరపాటు మన ఇండ్లలో చాలామంది చేస్తున్నారు.

బిడ్డకు ఇంచుమించు ఆరు నెలలప్పుడు మొదటి పాలపన్ను కనబడుతుంది. రెండున్నర, మూడేళ్ళు వచ్చేసరికి 20 పాలపళ్ళూ పూర్తవుతాయి. ఆరేళ్ళ ప్రాయంలో ముందుపళ్ళు కదలడం మొదలవుతుంది. పన్ను ఊడితే పిల్లలు దానిని చేతిలో పట్టుకుని ఊరంతా చూపిస్తారు. మనమూ మురిసిపోతాం. అయితే సరిగ్గా ఆ కాలంలోనే, పాలపళ్ళన్నిటికీ వెనుక, దవడ చివర, పైన రెండు, క్రింద రెండు పెద్ద పళ్ళు మెల్లగా బయటికి వస్తాయి. వాటి కోసం ఏ పాలపన్నూ ఊడదు. కాబట్టి అవి వచ్చిన సంగతి తల్లికీ తెలియదు, తండ్రికీ తెలియదు. ఎప్పుడైనా చూసినా అవి కూడా పాలపళ్ళే అనుకుంటాం. అవి ఈ వయసులో పోవలసినవి కావు, అరవై డెబ్బై ఏళ్ళు నమలవలసినవి.

ఆ పళ్ళ పైభాగం మిట్టపల్లాలుగా, లోతైన గీతలతో ఉంటుంది. అన్నం మెతుకు, బిస్కెట్టు ముద్ద అక్కడే ఇరుక్కుంటాయి. పిల్లల బ్రష్షు అంత లోపలికి పోదు. అందుకే అవే ముందు పుచ్చిపోతుంటాయి.

పాలపళ్ళు ఎలాగూ ఊడిపోయేవే గదా అని వాటిని వదిలివేయడం కూడా తెలివి కాదు. పాలపన్ను నొప్పి పెడితే బిడ్డ తిండి తినదు, నిద్రపోదు, బడికి పోదు. అంతేకాక, రాబోయే పన్నుకు చోటు కాచిపెట్టేది పాలపన్నే. అది కాలం కాకముందే పోతే ప్రక్క పళ్ళు ఆ చోటులోకి జరిగి, తరువాత వచ్చేవి వంకరపోతాయి.

రాత్రివేళ నోటిలో జరిగే పని

మనం ఏమి తిన్నా పళ్ళ మీద పలుచని జిగురు పొర ఏర్పడుతూనే ఉంటుంది. ఉదయం లేవగానే నాలుకతో తాకితే పాచిగా తగిలేది అదే. అందులో కంటికి కనబడని సూక్ష్మజీవులు లెక్కలేనన్ని ఉంటాయి. మనం తిన్న చక్కెర, బెల్లం, బిస్కెట్టు వాటికీ ఆహారమే. అవి తిని ఆమ్లాన్ని విడుస్తాయి. పంటి పైనున్న తెల్లని పెంకును ఎనామిల్ అంటారు. మన శరీరమంతటిలో అంతకంటె గట్టి పదార్థం లేదు. అయినా ఆమ్లం తగిలితే అందులోని ఖనిజాలు కొద్దికొద్దిగా కరిగిపోతాయి. చర్మం తెగితే మళ్ళీ పుడుతుంది, ఎముక విరిగితే అతుకుతుంది. ఎనామిల్‌కు ఒకసారి గుంట పడితే అది తిరిగి పూడదు.

అయితే మన నోటిలోనే ఒక కాపలా ఉన్నది. అది లాలాజలం. ఆమ్లాన్ని కడిగివేసి, కరిగిన ఖనిజాన్ని కొంతవరకు పంటికి తిరిగి చేర్చేది అదే. పగలంతా ఆ కాపలా పనిచేస్తూ ఉంటుంది. నిద్రలో లాలాజలం ఊరడం బాగా తగ్గిపోతుంది. పళ్ళ మీద అన్నం, తీపి అలాగే ఉంచి పడుకుంటే, కాపలావాడు నిద్రపోయిన ఇంట్లో దొంగలకు తలుపు తెరిచి పెట్టినట్టే. ఉదయం ఎంత శ్రద్ధగా తోముకున్నా, రాత్రి ఎనిమిది గంటలు జరిగిన నష్టాన్ని వెనుకకు తేలేము. పాలసీసా నోట్లో పెట్టి పసిబిడ్డను నిద్రపుచ్చడం కూడా ఇందుకే ప్రమాదం.

మరొక సంగతి. ఎంత తీపి తిన్నామన్నదానికంటె ఎన్నిసార్లు తిన్నామన్నదే పంటికి ఎక్కువ ముఖ్యం. తిన్న ప్రతిసారీ నోటిలో ఆమ్లం పుడుతుంది. అది తగ్గడానికి అరగంట, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువసేపు పడుతుంది. రోజంతా గంటకొక చాక్లెట్టు చప్పరించే పిల్ల నోటికి విరామమే ఉండదు. ఇక్కడ మన సండే స్కూలు ఉపాధ్యాయులకు ఒక మనవి. వాక్యం కంఠతా చెప్పిన పిల్లలకు మనమిచ్చే బహుమానం చాలాసార్లు చాక్లెట్టే. మా సంఘంలో కూడా అంతే ఉండేది. ఇప్పుడు పెన్సిలు ఇస్తున్నాం. క్రిస్మసుకు ఒక్కొక్కరికి ఒక బ్రష్షు ఇస్తున్నాం.

తెలియక కాదు

రాత్రి పళ్ళు తోముకోవాలని ఎవరికి తెలియదు? బడి పుస్తకంలో ఉన్నది, టీవీలో చెప్తారు. తెలిసినా చేయము. మన సోమరితనమే కారణమని నేను చాలాకాలం అనుకున్నాను. కాని ఒకటి ఆలోచించండి. ఉదయం పళ్ళు తోముకోమని మనకు ఎవరైనా చెప్పాలా? పాచి నోటితో టీ త్రాగడం మనకు ఇష్టం ఉండదు. లేచాం, పెరట్లోకి వెళ్ళాం, తోముకున్నాం, ఆ తరువాతే టీ. అక్కడ తీర్మానమేమీ లేదు. ఒక పని వెంట మరొక పని దానంతటదే వస్తున్నది.

రాత్రికి అటువంటి క్రమం లేదు. భోజనం చేస్తాం, చేయి కడుగుతాం, మాటల్లో పడతాం, పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ నిద్రపోతారు. గోడకు చిలక్కొయ్య ఉంటే చొక్కా దాని మీద ఉంటుంది, లేకపోతే నేలమీద పడుతుంది. తప్పు చొక్కాది కాదు. మన రాత్రి బ్రష్షుకు చిలక్కొయ్య లేదు, అంతే.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలు, ఆమె తోటివారు 96 మందితో ఒక పరీక్ష చేసి 2010లో ప్రచురించారు. ఒక్కొక్కరు ఒక చిన్న మంచి పనిని ఎన్నుకుని, దినచర్యలో ఉన్న ఏదో ఒక పనికి దానిని జతచేసి, 12 వారాలు చేశారు. ఆ పని ఆలోచించకుండానే జరిగిపోయే అలవాటుగా మారడానికి సగటున 66 దినాలు పట్టినట్టు తేలింది. కొందరికి 18 దినాలే చాలాయి. కొందరికి 254 దినాల వరకు పట్టవచ్చని లెక్కకట్టారు. మధ్యలో ఒక దినం తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా గమనించారు.

ఇది చదివినప్పుడు నాకు మన డిసెంబరు 31 రాత్రి తీర్మానాలు జ్ఞాపకం వచ్చాయి. ఎంతో ఆసక్తితో తీర్మానించుకుంటాం. సంక్రాంతి నాటికి ఒక రోజు తప్పుతుంది. ‘ఇక నావల్ల కాదు’ అని అంతటితో విడిచిపెడతాం. తప్పిన ఆ ఒక్క రోజు మనలను ఓడించదు. విడిచిపెట్టిన మరుసటి రోజే ఓడిస్తుంది.

మా ఇంట్లో చేసినది

పట్నం నుండి వచ్చిన రాత్రి నేనూ నా భార్యా కూర్చుని ఆలోచించాం. మా ఇంట్లో రాత్రివేళ తప్పకుండా జరిగేది ఒకటే, కుటుంబ ప్రార్థన. మొదట ప్రార్థన అయ్యాక పళ్ళు తోముకోవాలని నియమం పెట్టాం. నాలుగు రోజులు కూడా సాగలేదు. ఆమేన్ అనేసరికి చిన్నవాడు నిద్రలో ఉండేవాడు. వాణ్ణి లేపితే ఇల్లంతా ఏడుపు. నేను విసుక్కునేవాడిని. పిల్లలకు బ్రష్షంటేనే భయం పుట్టింది.

అప్పుడు నా భార్య, “ప్రార్థనకు ముందు పెడదామండీ. భోజనం కాగానే అందరం తోముకుని వచ్చి చాప మీద కూర్చుందాం” అన్నది. అదే పనిచేసింది. భోజనం, చేయి కడగడం, బ్రష్షు, చాప. ఆ తరువాత మంచినీళ్ళు తప్ప నోట్లో ఏమీ వేసుకోకూడదు. నేర్చుకున్న సంగతులు ఇవి:

ఒకటి. బ్రష్షులు చేయి కడిగే చోటే ఉండాలి. మావి లోపలి గదిలో అలమారులో ఉండేవి. చీకట్లో ఎవరు తెస్తారు? పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర గోడకు ఒక డబ్బా కట్టి, నాలుగూ అందులో నిలబెట్టాం. ఎవరి బ్రష్షు వారిదే, ఒకరిది ఒకరు వాడకూడదు.

రెండు. తండ్రి ముందుగా తోముకోవాలి. “వెళ్ళి తోముకోండి” అన్నంత కాలం ఎవరూ కదలలేదు. “రండి, తోముకుందాం” అని నేను లేచాక అందరూ లేచారు.

మూడు. చిన్నపిల్లలకు పెద్దవారే తోమాలి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లల చేతికి ఆ నేర్పు ఉండదు. ముందు వాణ్ణి తోముకోనిచ్చి, తరువాత ఒడిలో తల పెట్టించుకుని వెనుకపళ్ళు మనం తోమాలి.

నాలుగు. కాలెండరు మీద గుర్తు పెట్టాలి. తోముకున్న ప్రతి రాత్రి మా పాప తేదీ మీద ఒక చుక్క పెట్టేది. మొదటి నెలలో ఆరు ఖాళీలు ఉన్నాయి. పండుగకు బంధువులు వచ్చినప్పుడు, ఉజ్జీవ కూటాలనుండి నడిరాత్రి ఇంటికి చేరినప్పుడు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. మరునాడు మళ్ళీ చుక్క పెట్టాం. మూడవ నెలలో ఒక రాత్రి కరెంటు పోయింది. నేను మరచిపోయాను. చిన్నవాడే చీకట్లో, “నాన్నా, బ్రష్షు” అన్నాడు. ఆ రాత్రి నాకు అలవాటంటే ఏమిటో అర్థమయింది.

దేనితో తోమాలి, ఎలా తోమాలి?

మన పెద్దలు వేపపుల్లతో, కానుగపుల్లతో తోముకునేవారు. వాటిని నేను తీసిపారవేయను. బాగా నమిలి కుంచెలా చేసి, చిగుళ్ళకు గుచ్చుకోకుండా తోముకుంటే పాచి పోతుంది. కాని పుల్ల వెనుకపళ్ళ లోపలివైపుకు అందడం కష్టం. పిల్లలకైతే మరీ కష్టం. బొగ్గు, కచ్చిక బూడిద, ఇటుకపొడి మాత్రం వద్దు. తెల్లగా కనబడినా అవి ఎనామిల్‌ను అరగదీస్తాయి. పొగాకు కలిపిన పండ్లపొడిని అసలు ముట్టవద్దు. పండ్లపొడిలో, పేస్టులో పొగాకు కలపడాన్ని మన ప్రభుత్వం 1992లోనే నిషేధించింది.

పేస్టు ఏదైనా, పెట్టె మీద ఫ్లోరైడ్ అని వ్రాసి ఉందో లేదో చూడండి. కరిగిన ఖనిజం మళ్ళీ పంటికి చేరడానికి సహాయపడేది అదే. 1000 పిపిఎమ్ అని ఉంటే చాలును. మూడేళ్ళలోపు బిడ్డకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత పేస్టు సరిపోతుంది. టీవీ ప్రకటనలో చూపినట్టు బ్రష్షు పొడవునా వేయనక్కరలేదు. పిల్లలు మింగకుండా ఉమ్మివేయాలి.

మెత్తని కుచ్చు గల బ్రష్షు కొనండి. చిగురూ పన్నూ కలిసే చోట కొంచెం వాలుగా పెట్టి, చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు మెల్లగా తోమండి. బయటివైపు, లోపలివైపు, నమిలే వైపు, ఈ మూడూ ముఖ్యం. రెండు నిమిషాలు పట్టాలి. ఒక కీర్తనలో రెండు చరణాలు మనసులో పాడుకుంటే ఇంచుమించు ఆ సమయమవుతుంది. తరువాత నురుగు ఉమ్మివేయండి, ఎక్కువ నీళ్ళతో పుక్కిలించవద్దు, పేస్టులోని మందు కాసేపు పంటి మీద ఉండాలి. మూడు నాలుగు నెలలకు, లేక కుచ్చు విడిపోయినప్పుడు, బ్రష్షు మార్చండి.

నల్గొండ జిల్లాలోను, కనిగిరి ప్రాంతంలోను ఉన్న పాఠకులకు ఒక మాట. మీ పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలుంటే అది మురికి కాదు, తోమకపోవడం వల్ల వచ్చినదీ కాదు. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే, త్రాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండుటచేత వచ్చిన మచ్చ అది. ఆ బిడ్డను “పళ్ళు తోముకోవా?” అని నలుగురిలో నిందించవద్దు. ఎంత గట్టిగా రుద్దినా అది పోదు, పన్ను అరుగుతుంది. అటువంటి ఊళ్ళలో చిన్నపిల్లలకు ఏ పేస్టు ఎంత వాడాలో దంతవైద్యుని అడగండి. త్రాగునీటి విషయంలో జాగ్రత్తపడండి.

పెద్దల సంగతి

“మాకింకెందుకు అయ్యగారూ, సగం పళ్ళు ఊడిపోయాయి” అని మా సంఘంలో ఒక పెద్దమ్మగారు అన్నారు. మిగిలిన సగం కోసమే అని చెప్పాను. బ్రష్షుకు నెత్తురు అంటితే చాలామంది భయపడి తోమడం మానుతారు. చాలాసార్లు ఆ నెత్తురు రావడానికి కారణం చిగురు అంచున పేరుకున్న పాచే. మెల్లగా, ప్రతిదినం శుభ్రపరిస్తే కొద్ది దినాలలో తగ్గుతుంది. వారం పది రోజులకూ తగ్గకపోతే, లేక పన్ను కదులుతుంటే, డాక్టరుకు చూపించండి. చక్కెర వ్యాధి ఉన్నవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆ వ్యాధి వల్ల చిగుళ్ళు త్వరగా చెడతాయి, చిగుళ్ళు చెడితే చక్కెరను అదుపులో ఉంచడం కష్టమవుతుంది. కట్టుడు పళ్ళు ఉన్నవారు రాత్రి వాటిని తీసి, కడిగి, నీళ్ళలో ఉంచి పడుకోవాలి. మంచాన పడిన తల్లిదండ్రుల నోరు శుభ్రపరచడం మన చేతిలో ఉన్న పరిచర్య అని మరువవద్దు.

మా పాప ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నది. నవ్వినప్పుడు ఆ ఖాళీ ఎవరికీ కనబడదు. ఒకవైపు నమలడం తనకు అలవాటైపోయింది. భోజనం దగ్గర అది చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. నేను ఏమి చేసినా ఆ పన్ను తిరిగి రాదు. అయితే మావాడికి ఆరేళ్ళు నిండినప్పుడు, ఒక రాత్రి నీళ్ళ తొట్టి దగ్గర అక్కే వాడి నోరు తెరిపించి, టార్చిలైటు వేసి చూసి కేక వేసింది: “నాన్నా, వచ్చింది! వెనుక పన్ను వచ్చింది!” మేమందరం వెళ్ళి చూశాం. చిగురులోనుండి తెల్లగా తొంగిచూస్తున్నది. వాడి నాలుగు దవడపళ్ళూ నేటికీ చెక్కుచెదరలేదు.

తల్లిదండ్రులారా, మీ ఇంట్లో ఆరేళ్ళ బిడ్డ ఉంటే, ఈ రాత్రి భోజనం కాగానే టార్చిలైటు వేసి వాడి నోరు ఒకసారి చూడండి. తరువాత మీ బ్రష్షు మీరు ముందుగా చేతిలోకి తీసుకోండి.